నోటి చుట్టూ, డైపర్ కింద, వేళ్ల చివర ఒకేసారి పుండ్లు: పసిపిల్లల్లో జింక్ లోపాన్ని ఎలా గుర్తించాలి, ఏం చేయాలి

నెలల బిడ్డకు నోటి చుట్టూ పెచ్చులు కట్టి, అదే రోజుల్లో డైపర్ వేసే చోటా చర్మం లేచిపోయి, రెండు వారాలు క్రీములు రాసినా తగ్గడం లేదంటే ఇది మీ కోసమే రాశాను.

మా పాపకు రెండో నెలలో మొదలైంది. దాని పేరేమిటో తెలిసేసరికి నాలుగో నెల వచ్చింది. మధ్యలో ఏడు వారాలు, నాలుగు క్రీములు, రెండు క్లినిక్కులు. ఎవరూ అశ్రద్ధ చేయలేదు. నోటి దగ్గరిది చొంగ వల్ల అన్నారు, కిందది డైపర్ వల్ల అన్నారు, వేలి దగ్గరిది గోరుచుట్టు అన్నారు. ఒక్కోటి విడిగా చూస్తే ఆ మాటలన్నీ నమ్మేలాగే ఉంటాయి. ఆ మూడూ ఒకే జబ్బని ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. అందుకే మొదటి పని దగ్గరే ఎక్కువసేపు ఆగి చెబుతాను.

ముందు ఒళ్లంతా ఒకేసారి చూడండి

లాలపోసే ముందు, పగటిపూట, కిటికీ దగ్గర పొత్తిగుడ్డ పరిచి బిడ్డ బట్టలన్నీ తీసేయండి. డైపర్, సాక్సులు, చేతులకు తొడిగే మిట్టెన్లు, మొలతాడు, అన్నీ. మా పాప గోళ్లతో మొహం గీరుకుంటుందని రోజంతా మిట్టెన్లు వేసి ఉంచేవాళ్లం. దాంతో వేళ్లు ఎలా ఉన్నాయో పది రోజులు సరిగా చూడనేలేదు.

ట్యూబ్‌లైటు కింద చూస్తే సరిపోదు. ఈ జబ్బు గురించి వెతికితే కనిపించే ఫోటోలు ఎక్కువగా తెల్లని ఒంటి పిల్లలవి, వాటిలో మచ్చలు ఎర్రగా మెరుస్తుంటాయి. చామనఛాయ పిల్లల్లో అదే మచ్చ ముదురు గోధుమ రంగులోనో, కాస్త ఊదా కలిసిన రంగులోనో ఉంటుంది. ఎరుపు కోసం వెతక్కండి. అంచు కోసం వెతకండి. జింక్ లోపంతో వచ్చే మచ్చకు అంచు గీత గీసినట్టు తెలుస్తుంది, ఆ అంచున పెచ్చో పొలుసో ఉంటుంది.

మూడు చోట్లు చూడాలి. మొదటిది నోరు: గడ్డం, నోటి మూలలు, బుగ్గల కింది భాగం. పై పెదవి మీద మాత్రం చాలామందిలో చర్మం బాగానే ఉంటుంది, కాబట్టి మొత్తం మచ్చ గుర్రపు లాడంలా కనిపిస్తుంది. రెండోది డైపర్ వేసే చోటు, ముఖ్యంగా మలద్వారం చుట్టూ, తొడల మధ్య. మూడోది చేతులు, కాళ్లు: వేళ్ల చివర్లు, గోళ్ల చుట్టూ వాపు, మడమలు, మోకాళ్లు, మోచేతులు. కొందరికి నీటి పొక్కులు కూడా లేస్తాయి.

ఆ తర్వాత చర్మం కాని వాటిని చూడండి. జుట్టు, కనుబొమలు పలచబడ్డాయా? విరేచనాలు ఉన్నాయా? బరువు పెరగడం ఆగిందా? కళ్లు ఎర్రబడి వెలుతురు చూడలేకపోతోందా? బిడ్డ ఎత్తుకున్నా, పాలిచ్చినా ఊరుకోకుండా రోజంతా చిరచిరలాడుతోందా? ఈ చివరిది నన్ను చాలా బాధపెట్టింది. పిల్ల తత్వమే అంత అనుకున్నాను. జింక్ మొదలుపెట్టిన మూడో రోజున అది నా మొహం చూసి నవ్వేదాకా, ఆ ఏడుపు కూడా జబ్బులో భాగమేనని నాకు తెలియదు.

పుండ్లు, విరేచనాలు, జుట్టు రాలడం మూడూ కలిసి కనిపించేది ఐదుగురిలో ఒక్కరికే అని వైద్యులు చెబుతారు. కాబట్టి విరేచనాలు లేవు కదా అని కొట్టిపారేయకండి. మా పాపకు లేవు.

ఇక మామూలుగా వచ్చే వాటితో పోల్చుకోండి. ఉత్త డైపర్ ఒరుపు బట్ట తగిలే ఉబ్బెత్తు చోట్ల ఉంటుంది, తొడ మడతల లోపల చర్మం బాగుంటుంది. ఫంగస్ అయితే మడతల్లోనే ఎక్కువ, చుట్టూ విడివిడిగా చిన్న చిన్న పొక్కులు చల్లినట్టుంటాయి. ఎగ్జిమా బుగ్గల మీద, చేతులు కాళ్ల బయటి వైపున వస్తుంది, డైపర్ చోటును మామూలుగా వదిలేస్తుంది. మాడు మీద జిడ్డుగా పసుపు పెచ్చులు కడితే అది వేరే, చాలామంది పిల్లలకు వచ్చి పోతుంది. నోటి చుట్టూ, కింద, వేళ్ల దగ్గర, ఈ మూడింటిలో రెండు చోట్ల ఒకేసారి ఉండి, క్రీములకు లొంగకపోతే జింక్ సంగతి అడగాల్సిందే. నిర్ధారణ మాత్రం డాక్టరుదే. బయోటిన్ అనే విటమిన్ లోపం, కొన్ని పుట్టుకతో వచ్చే జీవక్రియ జబ్బులు, సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులను, జీర్ణాన్ని దెబ్బతీసే పుట్టుక జబ్బు) కూడా ఇలాంటి మచ్చలతోనే కనిపించవచ్చు.

ఫోటోలు తీసి, తేదీ వేసుకోండి

రోజూ ఒకే వేళకు, అదే కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా నాలుగు ఫోటోలు: మొహం, డైపర్ చోటు, చేతులు, పాదాలు. పక్కనే ఏ క్రీము ఎప్పుడు మొదలుపెట్టారో ఒక ముక్క రాసుకోండి. డాక్టరు దగ్గర మీకు దొరికేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో నోటిమాట కంటే ఈ ఫోటోలే ఎక్కువ చెబుతాయి.

రాసేవి, రుద్దేవి ఆపండి

మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపి ఉంటాయి. పసిబిడ్డ చర్మం పలచన, పైన డైపర్ మూత వేసినట్టు ఉంటుంది కాబట్టి స్టెరాయిడ్ లోపలికి ఎక్కువగా ఇంకుతుంది. డాక్టరు చూసి, ఎన్ని రోజులో చెప్పి రాస్తే తప్ప అవి వాడకండి. మా పాపకు అలాంటి క్రీముతో రెండు రోజులు తగ్గినట్టే కనిపించింది, నాలుగో రోజుకు ఇంకా ఎక్కువైంది.

జింక్ ఆక్సైడ్ ఉన్న డైపర్ క్రీము రాస్తున్నాం కదా, జింక్ అందుతుంది కదా అని చాలామంది అడుగుతారు. ఆ క్రీము తడి నుంచి చర్మాన్ని కాపాడుతుంది, అంతే. లోపల ఉన్న లోటును అది పూడ్చదు. జింక్ కడుపులోకే వెళ్లాలి.

నలుగు, సున్నిపిండి, సబ్బు, పసుపు, పసర్లు కొన్నాళ్లు పక్కన పెట్టండి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, పెట్రోలియం జెల్లీ పలచగా రాస్తే చాలు. మదనపల్లె నుంచి వచ్చిన మా అత్తయ్య పాప నోటి దగ్గర చూసి, "ఇది అక్కిలా ఉందమ్మా, ఊరికి తీసుకుపోయి అక్కి రాయిద్దాం" అంది. ఆవిడ పిల్లల్ని ముగ్గురిని పెంచిన మనిషి, ప్రేమతోనే అంది. నేను వాదించలేదు. "అత్తయ్యా, చర్మం తెరుచుకుని ఉంది, మన్ను తగిలితే చీము పడుతుంది, రక్త పరీక్ష వచ్చేదాకా ఆగుదాం" అన్నాను. ఆగింది. మీ ఇంట్లోనూ ఇలాంటి మాట వస్తుంది. పెద్దవాళ్లను డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి, వాళ్లే విని తెలుసుకుంటారు.

పాల సంగతి మొదటి నుంచి గుర్తు చేసుకోండి

డాక్టరు మొదట అడిగేది ఇదే. ఎందుకు అడుగుతారో తెలిస్తే మీరు సరిగ్గా చెప్పగలుగుతారు.

బిడ్డ కడుపులో ఉండగా తల్లి నుంచి జింక్ తీసుకుని దాచుకుంటుంది, అందులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే. అందుకే నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు నిల్వ తక్కువ. పుట్టాక తల్లిపాలలోంచి వస్తుంది. తల్లిపాలలో జింక్ రెండో వారంలో లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉంటే, రెండో నెలకు 2, ఆరో నెలకు 1.2 దగ్గరికి దిగుతుంది. ఇది సహజమే. తల్లిపాలలోని జింక్ బాగా ఒంటబడుతుంది కాబట్టి నెలలు నిండిన బిడ్డకు ఆరు నెలల దాకా అది సరిపోతుంది.

తప్పు మూడు చోట్ల జరగవచ్చు.

మొదటిది, బిడ్డ పేగులోనే. జింక్‌ను పేగులోంచి లోపలికి లాగే జిప్4 అనే ప్రోటీన్ పనిచేయదు. దానికి కారణం ఎస్‌ఎల్‌సీ39ఏ4 అనే జన్యువులో లోపం. దీన్ని అక్రోడెర్మటైటిస్ ఎంటెరోపతికా అంటారు. చాలా అరుదు, సుమారు ఐదు లక్షల మందిలో ఒకరికి. డబ్బా పాలు తాగే బిడ్డలో పుట్టిన కొద్ది వారాల్లోనే బయటపడుతుంది. తల్లిపాలు తాగే బిడ్డలో పాలు మాన్పించాక బయటపడుతుంది.

రెండోది, తల్లి పాలలో. బిడ్డ పేగు బాగానే ఉంటుంది, కానీ తల్లి రొమ్ములో జింక్‌ను పాలలోకి పంపే ప్రోటీన్ (ఎస్‌ఎల్‌సీ30ఏ2 జన్యువుది) సరిగా పనిచేయదు. తల్లి ఆరోగ్యంగానే ఉంటుంది, ఆమె రక్తంలో జింక్ మామూలుగానే ఉంటుంది. పాలలోనే ఉండదు. ఇది తల్లిపాలు మాత్రమే తాగే రోజుల్లోనే వస్తుంది. మా పాపది ఇదే.

మూడోది, ఏ జన్యువూ కారణం కానిది: నెలలు తక్కువ పుట్టుక, విడవని విరేచనాలు, పేగు ఆపరేషన్, సెలైన్ ద్వారానే ఆహారం వెళ్లడం, ఆరు నెలలు దాటినా గంజినీళ్లూ బిస్కెట్లూ తప్ప ఏమీ పెట్టకపోవడం.

కాబట్టి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి: ఎన్నో వారంలో పుట్టింది, పుట్టినప్పుడు బరువెంత, ఇప్పుడెంత, ఏ పాలు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, మచ్చలు ఎప్పుడు మొదలయ్యాయి, మీది మేనరికమా.

ఇక్కడ తల్లులకు ఒక మాట. నా పాలలో జింక్ లేదని తెలిసిన రోజు నేను చాలా ఏడ్చాను. నేను తినకపోవడం వల్లే అనుకున్నాను. అది తిండి వల్ల వచ్చింది కాదు. పాలలోకి పంపే దారి సన్నగా ఉన్నప్పుడు తల్లి ఎన్ని జింక్ మాత్రలు మింగినా పాలలో పెరగదు. పాలు మాన్పించాల్సిన పనీ లేదు. మిగతావన్నీ ఆ పాలలో ఉన్నాయి. లేని ఆ ఒక్కటి బిడ్డకు చుక్కల మందుగా ఇస్తే సరిపోతుంది. ఎవరైనా "నీ పాలు పడలేదు, డబ్బా పాలు పట్టు" అంటే డాక్టరు చెప్పేదాకా ఒప్పుకోకండి.

బెంగళూరులో ఎక్కడికి వెళ్లాలి

మేముండేది బెంగళూరు కాబట్టి ఇక్కడి చోట్లే చెబుతున్నాను. మీకు అలవాటైన పిల్లల డాక్టరుతోనే మొదలుపెట్టండి. "నోటి చుట్టూ, కింద, వేళ్ల దగ్గర ఒకేసారి ఉన్నాయి, ఇన్ని వారాలుగా తగ్గలేదు, జింక్ లోపం అయి ఉండవచ్చా?" అని ఆ ప్రశ్న అలాగే అడగండి. ఇలా అడగడం మర్యాద తప్పడం కాదు. నేను ఏడు వారాలు అడగలేదు.

పెద్దాసుపత్రి అవసరమైతే నిమ్హాన్స్ దగ్గర ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్ ఉంది, పిల్లలకే ప్రత్యేకం. కె.ఆర్. మార్కెట్ దగ్గర వాణీ విలాస్, శివాజీనగర్‌లో బౌరింగ్ ప్రభుత్వాసుపత్రులు. కోరమంగళలో సెయింట్ జాన్స్‌లో పిల్లల విభాగం, చర్మ విభాగం రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి. ఇద్దరు డాక్టర్లూ కలిసి చూసే చోటయితే మంచిది. భాష గురించి దిగులు వద్దు, ఈ ఊళ్లో తెలుగు అర్థమయ్యేవాళ్లు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటారు. కన్నడంలో జింక్‌ను సతు అంటారు, కానీ జింక్ అంటే అందరికీ తెలుస్తుంది.

జ్వరం, పాలు తాగకపోవడం, మగతగా పడి ఉండటం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, పుండ్లలోంచి చీమో నీరో కారడం, ఇందులో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. జింక్ లేని బిడ్డకు రోగనిరోధక శక్తి పడిపోతుంది, ఇన్ఫెక్షన్ త్వరగా ముదురుతుంది.

రక్తం తీసే ముందు ల్యాబును ఈ ప్రశ్నలు అడగండి

ఈ పరీక్షలో పొరపాటు జరగడం చాలా తేలిక. మొదటిసారి మాది అలాగే పాడైంది, రెండోసారి ఆ చిన్న చేతికి సూది గుచ్చాల్సి వచ్చింది. మీ బిడ్డకు ఆ రెండో సూది వద్దు.

జింక్ మన చుట్టూ అంతటా ఉంటుంది. మామూలు ట్యూబుల రబ్బరు మూతలో కూడా ఉంటుంది, అక్కడి నుంచి రక్తంలో కలిస్తే లేని జింక్ ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి ముందే ఫోన్ చేసి "ట్రేస్ ఎలిమెంట్ ట్యూబు ఉందా?" అని అడగండి. దాని మూత ముదురు నీలం రంగులో ఉంటుంది. లేదంటే ఇంకో ల్యాబు చూసుకోండి.

ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే సౌకర్యం ఈ ఒక్క పరీక్షకు వాడుకోకండి. ఎర్ర రక్తకణాల్లో జింక్ ఎక్కువ. రక్తం తీసిన గంటా రెండు గంటల్లోపు సీరమ్‌ను (కణాలు తీసేశాక మిగిలే ద్రవాన్ని) వేరు చేయకపోతే కణాల్లోని జింక్ బయటికొచ్చి లెక్క పెరిగిపోతుంది. సర్జాపుర రోడ్డులో తీసిన ట్యూబు సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి ల్యాబు చేరేసరికి ఆ సమయం కాస్తా అయిపోతుంది. మాది అలాగే పోయింది. రక్తాన్ని అక్కడే తిప్పి వేరుచేసే యంత్రం ఉన్న చోటికి, ఉదయం పూట, మీరే బిడ్డను తీసుకెళ్లండి.

సూది గుచ్చే చేతికి ఆ ఉదయం కాలమైన్ లోషన్ గానీ, డైపర్ క్రీము గానీ రాయకండి. రెండింటిలోనూ జింక్ ఆక్సైడే ఉంటుంది. మీ చేతులకు అంటుకుని ఉన్నా కడుక్కోండి.

సీరమ్ జింక్‌తో పాటు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఆల్బుమిన్ కూడా చూడమని డాక్టరును అడగవచ్చు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పనిచేయడానికి జింక్ కావాలి. ఎదిగే పిల్లల్లో అది ఎక్కువగా ఉండాలి, తక్కువగా ఉంటే జింక్ లోపానికి అదొక సాక్ష్యం. ఆల్బుమిన్ రక్తంలోని ఒక ప్రోటీన్. అది ఎందుకంటే, రక్తంలో జింక్ దాన్నే పట్టుకుని తిరుగుతుంది, అది తగ్గితే జింక్ కూడా తక్కువగా కనిపిస్తుంది.

చిన్నపిల్లల్లో డెసిలీటరుకు 65 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే లోపం కింద లెక్క. 50 కంటే తక్కువైతే గట్టి అనుమానమే. మా పాపది 31. రిపోర్టులో లెక్క మైక్రోమోల్‌లో ఇస్తే దాన్ని 6.5తో గుణించుకోండి. లెక్క మామూలుగా వచ్చినంత మాత్రాన జింక్ లోపం లేదని కూడా కాదు, డాక్టరు మచ్చలనూ చూసి నిర్ణయిస్తారు.

ఫలితం రావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. బిడ్డ పరిస్థితి బాగోలేకపోతే రక్తం తీసిన వెంటనే మందు మొదలుపెట్టేస్తారు, అదే సరైన పద్ధతి. మందుకు చర్మం ఎంత త్వరగా మారుతుందన్నదే పెద్ద పరీక్ష.

మందు కొలిచేటప్పుడు

డోసు డాక్టరు చెబుతారు. అది ఎలా లెక్కేస్తారో మీకూ తెలిస్తే పొరపాటు జరగదు. పేగులో లోపమున్న జబ్బుకు బిడ్డ బరువులో కిలోకు రోజుకు 3 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ జింక్‌తో మొదలుపెడతారు. మిగతా రకాలకు అంతకంటే తక్కువ కూడా సరిపోవచ్చు.

"ఎలిమెంటల్" అన్న మాట పట్టుకోండి. సీసా మీద జింక్ సల్ఫేట్ 220 మిల్లీగ్రాములని ఉంటే అందులో అసలు జింక్ 50 మిల్లీగ్రాములే. మీకు కావలసింది ఆ రెండో అంకె.

ఉదాహరణకు 5 కిలోల బిడ్డకు రోజుకు 15 మిల్లీగ్రాములు రాశారనుకుందాం. సిరప్ 5 మిల్లీలీటర్లలో 20 మిల్లీగ్రాములుంటే ఒక మిల్లీలీటరులో 4, అంటే 3.75 మిల్లీలీటర్లు పట్టాలి. అదే షాపులో చుక్కల మందు ఒక్క మిల్లీలీటరులోనే 20 మిల్లీగ్రాములు ఉండేది ఇస్తే 0.75 చాలు. సీసా మారిందని చూసుకోకుండా పాత కొలతే పోస్తే ఐదు రెట్లు ఎక్కువ పడుతుంది. కాబట్టి సీసా మారిన ప్రతిసారీ లేబుల్ ఫోటో తీసి డాక్టరుకు పంపి, కొలత అడిగి, సూది లేని సిరంజితోనే కొలవండి. ఇంటి చెంచాలతో వద్దు.

ఖాళీ కడుపున ఇస్తే వాంతి చేసుకుంటారు. పాలు తాగాక, రోజు డోసును రెండుగా విడగొట్టి ఇస్తే తట్టుకుంటారు. ఐరన్ చుక్కలు కూడా వాడుతుంటే రెండూ ఒకేసారి ఇవ్వకుండా రెండు గంటలు ఎడం ఉంచండి, ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి.

ఆశా కార్యకర్తలు ఓఆర్‌ఎస్‌తో పాటు ఇచ్చే జింక్ మాత్రల సంగతి వేరు. అవి విరేచనాలప్పుడు 14 రోజులు ఇచ్చేవి: ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్ర, అంతకంటే చిన్నవాళ్లకు సగం, చెంచాడు తల్లిపాలలో కరిగించి. ఆ కోర్సు విరేచనాలకు మేలే చేస్తుంది. మనం మాట్లాడుకుంటున్న లోపానికి మాత్రం 14 రోజులతో పని జరగదు.

తగ్గడం ఎలా ఉంటుంది

ముందు ఏడుపు తగ్గుతుంది, రెండు మూడు రోజుల్లోనే. విరేచనాలుంటే అవీ ఆ రోజుల్లోనే తగ్గుముఖం పడతాయి. చర్మం వారం నుంచి రెండు వారాలు. జుట్టు నెల పడుతుంది. పాత ఫోటోల పక్కన కొత్తవి పెట్టి చూసుకోండి. నేను ఇప్పటికీ ఆ వరుసను ఫోన్లో దాచుకున్నాను: మొదటి రోజు, ఐదో రోజు, పన్నెండో రోజు. పన్నెండో రోజు ఫోటోలో గడ్డం నున్నగా ఉంది.

వారం పది రోజులకు ఏ మార్పూ లేకపోతే డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్లండి. డోసు చాలకపోవచ్చు, పైన ఫంగస్ చేరి ఉండవచ్చు, లేదా జబ్బే వేరే అయి ఉండవచ్చు.

ఎన్నాళ్లు వాడాలి

తగ్గింది కదా అని మీరే ఆపకండి. పేగులో లోపమైతే మందు జీవితాంతం వాడాలి, ఆపితే కొద్ది రోజుల్లోనే పుండ్లు తిరిగొస్తాయి. నార్వే వైద్యులు డాన్‌బోల్ట్, క్లాస్ ఈ జబ్బుకు 1942లో పేరు పెట్టారు. కానీ కారణం జింక్ అని లండన్‌లో మొయ్నహాన్ తేల్చింది 1973-74లో. అప్పటిదాకా ఈ జబ్బుతో పుట్టిన పిల్లలు ఎంతోమంది చనిపోయేవారు. ఇప్పుడు రోజూ ఇంత జింక్ తీసుకుంటూ అందరిలా చదువుకుంటున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. ఆ తేడా గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

తల్లిపాలలో లోపమైతే అన్నం ముద్దలు బాగా అలవాటయ్యేదాకానే. మా పాపకు ఏడో నెల నుంచి డాక్టరు కొద్దికొద్దిగా తగ్గించి తొమ్మిదో నెలలో ఆపారు, నెల తర్వాత పరీక్షలో మామూలుగానే వచ్చింది. మళ్లీ రాలేదు.

బరువు పెరిగేకొద్దీ డోసు మారుతుంది. మూడు నుంచి ఆరు నెలలకోసారి జింక్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూస్తారు. జింక్ ఎక్కువైతే ఒంట్లో రాగి (కాపర్) తగ్గుతుంది, దానివల్ల రక్తహీనత వస్తుంది. అందుకే దీర్ఘకాలం వాడేవాళ్లకు రాగిని కూడా పరీక్షించాలి.

జన్యు పరీక్ష తప్పనిసరి కాదు, కానీ లోపం పేగులోనా, తల్లిపాలలోనా అని తెలియనప్పుడు ఉపయోగం. పేగులోని లోపం తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు వస్తుంది, అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మనలో మేనరికాలు ఎక్కువ కాబట్టి ఈ మాట ఇంట్లో దాచకూడదు. ఆడపడుచుకో, మరిదికో పుట్టబోయే బిడ్డకు కూడా ఇది పనికొచ్చే సమాచారం. జన్యు సలహా కోసం పెద్ద పిల్లల ఆసుపత్రుల్లో అడగండి. ఎలక్ట్రానిక్ సిటీలో సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్ కూడా ఉంది.

ఆరో నెల దాటాక తిండి

ఏడు నుంచి పన్నెండు నెలల బిడ్డకు రోజుకు సుమారు 3 మిల్లీగ్రాముల జింక్ కావాలి. ఈ ఊళ్లో పిల్లలకు మొదట పెట్టేది రాగి సరి, మన ఇళ్లలో రాగి జావ, ఉగ్గు. మంచివే. అయితే రాగుల్లో, పప్పుల్లో ఉండే ఫైటేట్ అనే పదార్థం జింక్‌ను పట్టేసుకుని పేగులోంచి ఒంట్లోకి పోనివ్వదు. దానికి మన పెద్దవాళ్ల పద్ధతే విరుగుడు: రాగులను రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంపేసి, గుడ్డలో మూటకట్టి ఒకటిన్నర రోజు మొలకెత్తనిచ్చి, నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి, పట్టించి జల్లించుకోండి. మొలకెత్తితే ఫైటేట్ తగ్గుతుంది. తయారుగా కొంటే మొలకల రాగి పిండి అని చూసి కొనండి.

మాంసాహారులైతే ఆరో నెల దాటగానే గుడ్డు పచ్చసొన, మెత్తగా ఉడికించి నలిపిన చికెన్ తొడ మాంసం, మటన్ కీమా కొద్దికొద్దిగా పెట్టవచ్చు. పళ్లు రాలేదని ఆగక్కర్లేదు. శాకాహారులు నువ్వులు, గుమ్మడి గింజలు, జీడిపప్పు మెత్తని పొడి చేసి జావలో కలపండి, గింజగా మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి, గొంతుకు అడ్డుపడుతుంది. కొత్తవి ఒక్కొక్కటిగా, రెండు మూడు రోజులు చూసుకుంటూ పెట్టండి. ఉడికించి నలిపిన శనగలు, పెరుగు కూడా మంచివే. ఏడాది నిండేదాకా తేనె వద్దు.

పాపకు ఇప్పుడు మూడేళ్లు. నాకు మళ్లీ ఐదో నెల. నా ఆసుపత్రి ఫైలు మొదటి పేజీలో డాక్టరమ్మ ఎర్ర ఇంకుతో రాశారు: తల్లిపాలలో జింక్ తక్కువ, పాలు ఇవ్వవచ్చు, బిడ్డ బరువు, చర్మం ప్రతి రెండు వారాలకు చూడాలి, రెండో నెల దాకా ఆగకుండా జింక్ గురించి నిర్ణయించాలి. మీకూ ఇది తేలితే, డిశ్చార్జి కాగితం ఎక్కడో పోయేలోపు, మీ ఫైల్లోనూ బిడ్డ టీకాల కార్డు మీదా ఈ నాలుగు మాటలు రాయించుకోండి.